ప్రాంగణం హఠాత్తుగా మూతపడితే పాఠాలు ఎలా నడపాలి: ప్రణాళిక రాసేవారికి నా సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తుఫానో, అంటువ్యాధో, మరొకటో వచ్చి విశ్వవిద్యాలయం మూసేయాల్సి వస్తే చదువు ఆగకుండా ఒక ప్రణాళిక రాయమని మీ రిజిస్ట్రార్ మీకు అప్పగించి మూడు వారాల గడువిచ్చారు. ఏ సాఫ్ట్‌వేర్ కొనమని సిఫారసు చేయాలి, నమూనా పత్రం ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగారు. నేను కోస్తాలో ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. ఆఖరి పదేళ్లు అకడమిక్ వ్యవహారాలు చూశాను. నా సలహా ఒక్కటే: సాఫ్ట్‌వేర్ సంగతి చివరి పేజీకి వదిలేయండి. నమూనా పత్రాలు వెతక్కండి. మీ విద్యార్థుల్లో అందరికన్నా మారుమూల ఉన్న పిల్లను మనసులో పెట్టుకుని, ఆ అమ్మాయికి పాఠం చేరే దారి రాయండి. ఆ దారిలో మిగతావాళ్లందరికీ చేరుతుంది.

ముందుగా ఒక విషయం. మూసివేత అంటే అన్నిసార్లూ ఒకటే కాదు. 2014 అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు ఒక్క పూటలో కూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను పలకలేదు, తాగునీటికీ పాలకూ జనం బారులు తీరారు. ఆ వారంలో ఆన్‌లైన్ తరగతులు పెట్టాలన్నా చెప్పేవారి దగ్గరా వినేవారి దగ్గరా చార్జింగు ఉన్న ఫోను లేదు. 2020 మార్చిలో అంతా తలకిందులు. తెలంగాణలో 16 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 19 నుంచి విద్యాసంస్థలు మూశారు, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. భవనాలు చెక్కుచెదరలేదు, కరెంటు ఉంది, నెట్ ఉంది. నలుగురు ఒకచోట చేరడమే ప్రమాదమైంది. ఇంకోరకం ఉద్యమాల కాలం. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. 2013లో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇటు సమైక్యాంధ్ర సమ్మె. అప్పుడు భవనాలూ బాగున్నాయి, మనుషులూ బాగున్నారు. పాఠం చెప్పేవారూ వినేవారూ రోడ్డు మీద ఉన్నారు. అలాంటప్పుడు పాఠాలు ఎలా నడపాలన్న ప్రశ్నే లేదు, పోయిన రోజులను తర్వాత ఎలా పూడ్చాలన్నదే ప్రశ్న.

అందుకే ప్రణాళికను 'తుఫాను', 'వ్యాధి', 'బంద్' అని అధ్యాయాలుగా విడగొట్టకండి. ఏది పోయింది అన్నదాన్ని బట్టి రాయండి. భవనం పోయిందా, కరెంటూ నెట్టూ పోయాయా, జనం కలవడానికి వీల్లేదా, దారులు మూసుకుపోయాయా? రేపు వచ్చే ఆపద పేరు మీకూ నాకూ తెలియదు. కానీ అది ఏది తీసుకుపోయినా ఈ నాలుగింటిలోనే ఏదో ఒకటో, రెండో తీసుకుపోతుంది.

ఎన్నాళ్లన్నది రెండో లెక్క. రెండు మూడు రోజుల వాన సెలవుకు ఏ తరగతీ పెట్టకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు మేడ మీద మంచినీళ్ల కోసం ఎదురుచూసిన కుటుంబాల్లో మన విద్యార్థులూ ఉన్నారు. అలాంటి పిల్లవాడికి ఉదయం తొమ్మిదింటికి హాజరు పిలవడం అన్యాయం. ఆ రెండు మూడు రోజులను క్యాలెండరులోనే ముందుగా దాచుకోవాలి. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ లెక్క ప్రకారం ఏడాదికి 180 బోధన దినాలు, అంటే సెమిస్టరుకు 90. మన దగ్గర బేసి సెమిస్టరు, అంటే విద్యా సంవత్సరంలో మొదటి సగం, సరిగ్గా అక్టోబరు, నవంబరు తుఫానుల మీదుగా పోతుంది. ఇది ప్రతి ఏడాదీ తెలిసిన సంగతే. అయినా క్యాలెండరులో ఒక్క రోజు కూడా మిగల్చకుండా నింపేస్తాం. ఎనిమిది పది రోజులు ఖాళీగా ఉంచండి, మొదటి ఇంటర్నల్ పరీక్షను సెప్టెంబరు దాటనివ్వకండి. తుఫాను రాకపోతే ఆ రోజులు పునశ్చరణకు పనికొస్తాయి. రెండు మూడు వారాల మూసివేతకు కాగితం మీద పాఠం సరిపోతుంది. సెమిస్టరంతా మూతపడితేనే పూర్తిస్థాయి దూరబోధన అవసరం. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టిన ప్రణాళికలు నేను చాలా చూశాను. అవసరం వచ్చిన రోజు వాటిని ఎవరూ తెరవలేదు.

ఇప్పుడు అసలు సంగతి, పేర్ల జాబితా. ఒక తుఫాను ఏడాది మా విద్యార్థుల ఫోను నంబర్లన్నీ పరీక్షల విభాగంలో ఒకే కంప్యూటర్లో ఉండిపోయాయి. కరెంటు లేదు. జనరేటర్లో డీజిల్ లేదు. హాస్టల్ నుంచి ఇళ్లకు బయల్దేరిన పిల్లలు చేరారో లేదో కనుక్కునే దారి లేదు. చివరికి మమ్మల్ని ఆదుకున్నది మెస్ మేనేజరు దగ్గరున్న పొడుగు నోటు పుస్తకం. అట్ట ఊడిపోయి, పేజీల అంచులకు పసుపు మరకలు అంటి ఉన్నాయి. ప్రతి పేరు ఎదుటా బాకీ ఎంతో, దాని కింద పెన్సిలుతో తండ్రి ఫోను నంబరు. బాకీ వసూలు కోసం ఆయన రాసుకున్న నంబర్లవి. రెండు సాయంత్రాలు ఎమర్జెన్సీ దీపం వెలుగులో నలుగురం కూర్చుని వాటిని తెల్ల కాగితాల మీద ఎక్కించాం. సిగ్నలు తిరిగొచ్చిన రోజు ఆ కాగితాలు పట్టుకునే ఫోన్లు చేశాం. అప్పటి నుంచి నన్ను ఎక్కడ అడిగినా ఇదే చెబుతున్నాను: ప్రతి సెమిస్టరు మొదట్లో విద్యార్థుల జాబితా కాగితం మీద అచ్చు వేయించండి. ఒకటి వార్డెన్ దగ్గర, ఒకటి విభాగాధిపతి ఇంట్లో, ఒకటి ప్రాంగణం బయట మరో ఊళ్లో ఉండాలి. వ్యక్తిగత వివరాలు కాబట్టి సీలు వేసిన కవరులో పెట్టండి, సెమిస్టరు కాగానే పాతది వెనక్కి తీసుకుని చింపేయండి.

ఆ జాబితాలో ఏముండాలన్నది ఇంకా ముఖ్యం. 'మీకు స్మార్ట్‌ఫోను ఉందా' అని అడిగితే అందరూ ఉందనే రాస్తారు. 'పగలు పది గంటలకు ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది' అని అడగండి. 2020లో మా డిగ్రీ విద్యార్థిని ఒకరు వారం రోజులు తరగతికి రాలేదు. అధ్యాపకుడు కోపగించుకుని పేరు కొట్టేయబోతే నేనే ఫోను చేశాను. తండ్రి ఎత్తాడు. ఆటో నడుపుతున్నాడు. లాక్‌డౌన్ సడలించాక పొద్దున్నే ఫోనుతో సహా బయటికి పోతాడు, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరతాడు. గిరాకీ పిలిచేది ఆ నంబరుకే. "అమ్మాయికి పాఠం రాత్రి పూట పెట్టగలరా సార్" అని అడిగాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? ఇంట్లో ఫోను ఎవరిది, ఎప్పుడు దొరుకుతుంది, సిగ్నలు ఇంట్లో వస్తుందా, ఊరి చివర వస్తుందా, గుట్ట ఎక్కితే వస్తుందా, కూర్చుని రాసుకునే చోటు ఉందా, దగ్గర్లో నడిచిపోయేంత దూరంలో కళాశాలో, గ్రంథాలయమో ఉందా. ఈ ఐదారు ప్రశ్నలు ప్రవేశాల సమయంలోనే అడిగితే ప్రణాళికలో సగం పని అయిపోయినట్టే. పాడేరు, అరకు వైపు నుంచో, నల్లమల ఊళ్ల నుంచో, ఉట్నూరు వైపు నుంచో వచ్చిన పిల్లలు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉన్నారు. వాళ్ల జవాబులు చూశాక మీ ప్రణాళిక దానంతటదే మారుతుంది.

మూసివేత ప్రకటించిన మొదటి రోజు గురించి ప్రణాళికలు సాధారణంగా ఒక్క వాక్యం రాస్తాయి: 'హాస్టళ్లు ఖాళీ చేయించబడును'. నన్నడిగితే ఆ రోజే అన్నిటికన్నా కీలకం. 2020 మార్చిలో పిల్లలు పదిహేను రోజుల్లో తిరిగి వస్తామనుకుని ఒక బట్టల సంచితో బస్సెక్కారు. పుస్తకాలు, ల్యాబ్ రికార్డులు, కొందరి ల్యాప్‌టాప్‌లు కూడా గదుల్లోనే ఉండిపోయాయి. నెలల తర్వాత తాళాలు తీస్తే కొన్ని పుస్తకాలు చెదపట్టి ఉన్నాయి. పాఠం చెప్పడానికి మేం నానా తంటాలు పడుతుంటే, వినే పిల్లవాడి ముందు పాఠ్యపుస్తకమే లేదు. అందుకని హాస్టల్ గది తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించండి: బయల్దేరేటప్పుడు సంచిలో తప్పనిసరిగా పెట్టుకోవాల్సినవి. ఈ సెమిస్టరు పుస్తకాలు, రికార్డు, గుర్తింపు కార్డు, పాఠపత్రం. సంచి సర్దుకోవడానికి కనీసం ఒక పూట ఇవ్వాలని వార్డెన్లకు రాతపూర్వకంగా చెప్పండి.

పాఠపత్రం అంటే ఏమిటో చెబుతాను. ప్రతి కోర్సుకూ సెమిస్టరు మొదటి వారంలోనే అధ్యాపకుడు ఇచ్చే నాలుగు పేజీల అచ్చు. ఏ వారం ఏ అంశం, పుస్తకంలో ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా చదవాలి, చదివాక ఏ ప్రశ్నలకు జవాబు రాయాలి. అంతే. దీనికి కరెంటు అక్కర్లేదు, సిగ్నలు అక్కర్లేదు. ఇదేమీ కొత్త ఊహ కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు నేల మీదే పుట్టింది. ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలై ఇవాళ అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లకు, గృహిణులకు, మధ్యలో చదువు ఆపేసినవాళ్లకు అచ్చు పాఠాలతో, అధ్యయన కేంద్రాలతో డిగ్రీలు చదివించింది. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు 1968 నుంచి తెలుగు అకాడమీ పుస్తకాలున్నాయి. నెట్‌లో దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి తెలుగు మాధ్యమం పిల్లలకు ఈ పుస్తకాల పేజీ నంబర్లే ఆధారం. ఇంత అనుభవం చేతిలో ఉంచుకుని మనం వీడియో కెమెరాల కోసం టెండర్లు పిలుస్తున్నామంటే నాకు బాధగా ఉంటుంది.

నెట్ ఉన్నప్పుడు కూడా తేలికైనదే ఎంచుకోండి. గంటసేపు వీడియో తరగతి అర జీబీ నుంచి ఒక జీబీ దాకా తినేస్తుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు వేసుకున్న ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుతుంటే మధ్యాహ్నానికే అయిపోతుంది. అదే పది నిమిషాల గొంతు పాఠం, అంటే మాట మాత్రమే రికార్డు చేసినది, నాలుగైదు ఎంబీకి మించదు. రాత్రి తండ్రి ఇంటికొచ్చాక దింపుకోవచ్చు, మళ్లీ మళ్లీ వినవచ్చు. కాబట్టి పది పన్నెండు నిమిషాల గొంతు పాఠం, దానికి తోడు రెండు పేజీల నోట్సు, వారానికి ఒక్కసారి సందేహాల కోసం ప్రత్యక్ష తరగతి, దానికి హాజరు లేదు. ఇది చాలు. హాజరును రాసి పంపిన జవాబుల మీద లెక్కించండి. 75 శాతం హాజరు నిబంధనను మూసివేత రోజుల్లో ఎలా లెక్కిస్తారో ముందే రాసిపెట్టకపోతే పరీక్ష ఫీజు కట్టే రోజున వందలమంది మీ గుమ్మం ముందు నిలబడతారు.

నోట్సు విషయంలో ఒక చిన్న మాట, చాలామంది గమనించరు. మన అధ్యాపకుల్లో పెద్దవాళ్ల తెలుగు నోట్సు ఇంకా పాతకాలపు అచ్చు పనికి వాడిన అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. వాటిని ఫోనులో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. లేదంటే చేతిరాత పేజీలను ఫోటో తీసి పంపుతారు. చూపులేని విద్యార్థి ఫోను ఆ ఫోటోను చదివి వినిపించలేదు. ఫోన్లు గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లో టైపు చేసిన పేజీని మాత్రం వినిపిస్తుంది. అందుబాటులో ఉన్న తీరిక కాలంలోనే, అంటే ఇప్పుడే, పాత నోట్సును యూనికోడ్‌లోకి మార్పించండి. ఇద్దరు టైపిస్టులకు వేసవి సెలవుల పని.

ఇక చెప్పేవారి సంగతి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, అనుబంధ కళాశాలల్లో పాఠాలు ఎంత భాగం అతిథి అధ్యాపకులు చెబుతున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు. వాళ్లకు గంటల లెక్కన డబ్బు. ప్రాంగణం మూస్తే గంటలు లేవు, డబ్బు లేదు. 2020లో నా దగ్గర పనిచేసిన ఒక యువ అధ్యాపకుడు పగలు కూరగాయల బండి నడిపి రాత్రి పాఠాలు రికార్డు చేశాడు. ఆ రికార్డింగులకు ఒక్క రూపాయి ఇవ్వడానికి నిబంధన లేదని ఆర్థిక విభాగం ఫైలు తిప్పి పంపింది. ఆయన పంపిన పాఠంలో వెనక రోడ్డు చప్పుడు వినిపించేది. ఇప్పటికీ నా ఫోనులో ఉంది. మీ ప్రణాళికలో ఒక్కటే నిబంధన పాలకమండలి చేత ఆమోదింపజేసుకోగలిగితే అది ఇదే కావాలి: మూసివేత కాలంలో పంపిన పాఠపత్రం, గొంతు పాఠం, దిద్దిన జవాబుపత్రం, ఒక్కొక్కటి ఎన్ని గంటల పనికి సమానమో లెక్కగట్టి అతిథి అధ్యాపకులకు నెలనెలా చెల్లించాలి. దీన్ని ముందే చేయకపోతే, మీరు రాసే బోధన ప్రణాళిక జీతం లేనివారి భుజాల మీద నిలబడుతుంది.

ప్రయోగశాలల గురించి ఎక్కువ చెప్పను. రసాయనశాస్త్రం ల్యాబ్ ఫోనులో రాదు. సూత్రం, లెక్కలు, రికార్డు ఇంటి దగ్గర పూర్తి చేయించి, తెరిచాక రెండు వారాలు పూర్తి రోజుల ల్యాబ్ పెట్టండి. పరిశోధన విభాగాల్లో జంతువులు, మొక్కలు, డీప్ ఫ్రీజర్లలోని నమూనాలు ఉంటాయి. మూసినా లోపలికి రావాల్సిన నలుగురైదుగురి పేర్లు, పాసులు, జనరేటరుకు డీజిల్ లెక్క ముందే సిద్ధం చేసుకోవాలి.

పరీక్షల దగ్గర మాత్రం ఆగాలి. 2020 వేసవిలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఏప్రిల్ 29న యూజీసీ ఒక మార్గదర్శకం ఇచ్చింది. జూలై 6న సవరించి, చివరి ఏడాది పరీక్షలు సెప్టెంబరు నెలాఖరులోగా పెట్టాల్సిందేనంది. కొన్ని రాష్ట్రాలు వద్దన్నాయి. ఆగస్టు 28న సుప్రీంకోర్టు, పరీక్ష లేకుండా చివరి ఏడాది విద్యార్థులకు డిగ్రీ ఇవ్వడం కుదరదు, కావాలంటే గడువు పొడిగింపు అడగవచ్చు అని చెప్పేదాకా పిల్లలు నాలుగు నెలలు గాలిలో వేలాడారు. ఉద్యోగం చేతికొచ్చినవారు, విదేశాల్లో సీటు వచ్చినవారు పట్టా కోసం మాకు రోజూ ఫోన్లు చేశారు. జవాబు చెప్పలేకపోయాం. నా అభిప్రాయం ఇది: చివరి సెమిస్టరు విద్యార్థుల పరీక్షను మిగతా అన్నిటికన్నా ముందు కాపాడాలి. పరీక్ష ఆగితే ప్రత్యామ్నాయం ఏమిటో, పుస్తకం చూసి రాసే పరీక్షా, మౌఖికమా, ఇంటి దగ్గరి కళాశాలలో కేంద్రమా, కోర్సుల వారీగా సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఇప్పుడే తేల్చాలి, అకడమిక్ కౌన్సిల్ ఇప్పుడే ఆమోదించాలి. ఆపద వచ్చాక కౌన్సిల్ సమావేశానికి కోరం ఎక్కడి నుంచి తెస్తారు?

'ఇంటి దగ్గరి కళాశాల' అన్నాను కదా, దాని వెనక ఒక అనుభవం ఉంది, మనది కాదు. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు టులేన్ విశ్వవిద్యాలయం ఆ సెమిస్టరంతా మూతపడింది. వాళ్ల విద్యార్థులను దేశంలోని ఇతర విశ్వవిద్యాలయాలు తమ తరగతుల్లో కూర్చోబెట్టుకున్నాయి. 2006 జనవరిలో టులేన్ మళ్లీ తెరుచుకుంది. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని భూకంపం కుదిపి 185 మంది చనిపోయాక, కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం భవనాలను తనిఖీ చేస్తూనే ప్రాంగణంలో గుడారాలు వేసి పాఠాలు మొదలుపెట్టింది. ఈ రెండు సందర్భాల్లోనూ చదువును నిలబెట్టింది పొరుగువారి తలుపులు, ఖాళీ స్థలం. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి జిల్లాలోనూ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. పక్క విశ్వవిద్యాలయంతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: మీ పిల్లలు మా జిల్లాలో ఉంటే మా కళాశాలలో కూర్చుని చదువుకుంటారు, పరీక్ష రాస్తారు, మా పిల్లలు మీ దగ్గర. సిలబస్‌లు సరిగ్గా కలవకపోయినా కుర్చీ, గ్రంథాలయం, పరీక్ష హాలు కలుస్తాయి.

నిర్ణయం ఎవరు చెబుతారన్నది పేర్లతో కాదు, పదవులతో రాయండి. ఉపకులపతి, వారు అందుబాటులో లేకపోతే రిజిస్ట్రార్, వారూ లేకపోతే ఎవరు? ఉపకులపతి పదవి ఖాళీగా ఉండి ఇన్‌చార్జి వేరే ఊళ్లో ఉండటం మనకు కొత్త కాదు. మూడో పదవి రాయని ప్రణాళిక ఆ రోజు మూగబోతుంది. ప్రకటన ఎక్కడ వస్తుందో కూడా ఒక్కచోటే తేల్చండి, రోజూ ఒకే సమయానికి, కొత్త సంగతి ఏమీ లేకపోయినా 'మార్పు లేదు' అని. 2020లో నకిలీ సర్క్యులర్లు సంతకాలతో సహా వాట్సాప్‌లో తిరిగాయి. పరీక్షలు రద్దయ్యాయని నమ్మి పుస్తకాలు పక్కన పెట్టిన పిల్లల్ని నేనెరుగుదును.

రాసింది పనిచేస్తుందో లేదో తెలియాలంటే సెమిస్టరుకు ఒక రోజు నిజంగా ప్రాంగణం మూసి చూడండి. ముందు రోజు సాయంత్రం మాత్రమే చెప్పండి. మేం మొదటిసారి చేసినప్పుడు సగానికి సగం మంది విద్యార్థులకు సందేశమే చేరలేదు. ఫోను నంబర్లు మారిపోయి ఉన్నాయి. ఒక విభాగంలో పాఠపత్రాలు అచ్చయి అలమారాలో భద్రంగా ఉన్నాయి, ఎవరికీ పంచలేదు. రెండోసారికి చాలా మెరుగుపడింది.

సాఫ్ట్‌వేర్ అడిగారు కాబట్టి: మీ అధ్యాపకులు, పిల్లలు ఇప్పటికే రోజూ వాడుతున్నదే ఉంచండి. ఆపద రోజున కొత్త పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. కోర్సులు కావాలంటే 2017 నుంచి 'స్వయం' అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఉంది, నెట్ లేని ఇళ్లకు స్వయంప్రభ టీవీ చానళ్లున్నాయి. మీ సిలబస్‌కు సరిపోయేవి ఏవో విభాగాల చేత ఇప్పుడే గుర్తు పెట్టించి పాఠపత్రంలో చేర్చండి. డబ్బు మిగిలితే డీజిల్‌కూ, అచ్చు ఖర్చుకూ, అతిథి అధ్యాపకులకూ కేటాయించమని అడగండి.

మూడు వారాల గడువులో మొదటి వారం ఒక్క అక్షరం రాయకండి. హాస్టల్ మెస్ మేనేజరుతో, పరీక్షల విభాగం గుమస్తాతో, ఇద్దరు అతిథి అధ్యాపకులతో, రాత్రి కాపలా మనిషితో మాట్లాడండి. పోయినసారి మూసినప్పుడు ఏం జరిగిందో వాళ్లకు తెలుసు. మీ అనుబంధ కళాశాలలు ఎన్ని, హాస్టల్‌లో ఎంతమంది, ఏయే జిల్లాల నుంచి వస్తారో చెబితే ఆ ఐదారు ప్రశ్నల పత్రం మీకు సరిపోయేలా రాసి పంపుతాను.